చార్ట్‌లో బాణం గుర్తు రాగానే కొనేస్తున్నారా? క్యాండిల్ ఇండికేటర్ సెట్టింగ్స్ వెనుక అసలు లెక్క ఇదీ

స్టాక్ మార్కెట్లో ఎఫ్ అండ్ ఓ ట్రేడింగ్ చేసే సామాన్యుల నష్టాలు ఆగడం లేదు. 2024-25లో ఈక్విటీ డెరివేటివ్స్‌లో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 91 శాతం మంది నష్టపోయారని సెబీ 2025 జులైలో లెక్క తేల్చింది. ఆ ఏడాది వాళ్ల నికర నష్టం 1,05,603 కోట్లు. అంతకుముందు ఏడాది అది 74,812 కోట్లు. ఒక్క ఏడాదిలో 41 శాతం పెరిగింది.

మరి వీళ్లంతా గుడ్డిగా ట్రేడ్ చేస్తున్నారా అంటే, కాదు. చాలామంది ఫోన్‌లో చార్ట్ ఉంది. చార్ట్ మీద ఇండికేటర్ ఉంది. క్యాండిల్ కింద ఆకుపచ్చ బాణం వస్తే కొనడం, పైన ఎర్ర బాణం వస్తే అమ్మడం. హ్యామర్, ఎన్‌గల్ఫింగ్, మార్నింగ్ స్టార్ అంటూ పేరు కూడా అదే చూపిస్తుంది. సిగ్నల్ ఫెయిలైతే వెంటనే వచ్చే మాట ఒకటే: 'సెట్టింగ్స్ సరిగా పెట్టుకోలేదు'. సరైన సెట్టింగ్స్ మా దగ్గర ఉన్నాయంటూ అమ్మేవాళ్లకూ కొదవ లేదు.

అసలు ఆ సెట్టింగ్స్‌లో ఏముంది? ఏది మారిస్తే ఏం మారుతుంది? ఇది తెలియకుండా బాణాన్ని నమ్మితే, ముక్కూ మొహం తెలియని వ్యక్తి మాట మీద డబ్బు పెట్టినట్టే అవుతుంది.

ఇండికేటర్‌కు కనిపించేది నాలుగు అంకెలే

క్యాండిల్‌స్టిక్ పద్ధతి జపాన్ బియ్యం వ్యాపారుల నుంచి వచ్చిందని చెబుతారు. 18వ శతాబ్దంలో సకాటాకు చెందిన హొమ్మా మునెహిసా అనే వ్యాపారి పేరు దీనికి ముడిపడి ఉంది. పశ్చిమ దేశాలకు దీన్ని గట్టిగా పరిచయం చేసింది స్టీవ్ నిసన్, 1991లో తెచ్చిన పుస్తకంతో. అప్పట్లో ప్యాటర్న్ గుర్తించడం కంటి పని. ఇప్పుడు కోడ్ పని. తేడా అంతా ఇక్కడే వచ్చింది.

కంప్యూటర్‌కు ఒక క్యాండిల్ అంటే ఓపెన్, హై, లో, క్లోజ్. అంతే. 'చిన్న బాడీ', 'పొడవాటి తోక' అనే మాటలు దానికి అర్థం కావు. ఎంతకంటే చిన్న? ఎంతకంటే పొడవు? ఆ అంకె ఎవరో ఒకరు ఇవ్వాలి. మన దగ్గర ఎక్కువమంది వాడే ట్రేడింగ్‌వ్యూలో ముందే ఇచ్చే క్యాండిల్ ప్యాటర్న్ ఇండికేటర్‌ను చూస్తే, దాని కోడ్‌లో ఈ అంకెలన్నీ ఉంటాయి. హ్యామర్ అనాలంటే కింది తోక బాడీకి కనీసం రెండింతలు ఉండాలి. పై తోక బాడీలో 5 శాతం మించకూడదు. బాడీ చిన్నదా పెద్దదా అన్నది 14 క్యాండిళ్ల సగటు బాడీతో పోల్చి తేలుస్తారు. డోజీ అంటే మొత్తం హై-లో రేంజ్‌లో బాడీ 5 శాతంలోపు ఉండాలి.

ఇక ప్రోగ్రామర్లు ఎక్కువగా వాడే టీఏ-లిబ్ అనే లైబ్రరీ ఉంది. చాలా స్కానర్ల వెనుక పనిచేసేది ఇదే. అందులో డోజీ లెక్క వేరు. బాడీని అదే క్యాండిల్ రేంజ్‌తో పోల్చదు, గత 10 క్యాండిళ్ల సగటు రేంజ్‌లో 10 శాతంతో పోలుస్తుంది. అందుకే ఒకే షేరు, ఒకే రోజు, ఒక యాప్‌లో డోజీ కనిపిస్తుంది, ఇంకో యాప్‌లో కనిపించదు. రెండూ కరెక్టే. రెండింటికీ డోజీ అనే మాటకు అర్థం వేరు, అంతే.

2024 జూన్ 3: ఒకే క్యాండిల్, రెండు పేర్లు

దీన్ని అర్థం చేసుకోవడానికి ఎన్నికల ఫలితాల వారాన్ని మించిన ఉదాహరణ లేదు. 2024 జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి. ఎన్డీఏకు భారీ మెజారిటీ అన్నాయి. సోమవారం జూన్ 3న నిఫ్టీ ఏకంగా 23,337 దగ్గర ఓపెనైంది. 23,062 దాకా దిగి, 23,263 దగ్గర క్లోజైంది. శుక్రవారంతో పోలిస్తే 733 పాయింట్ల లాభం. పేపర్లన్నీ రికార్డు ర్యాలీ అని రాశాయి. కానీ చార్ట్‌లో ఆ రోజు క్యాండిల్ రంగు? ఎరుపు. ఎందుకంటే క్యాండిల్ రంగు నిన్నటి క్లోజ్‌తో సంబంధం లేకుండా, ఆ రోజు ఓపెన్, క్లోజ్ మధ్య తేడాతోనే తేలుతుంది.

ఆకారం చూస్తే బాడీ 74 పాయింట్లు. కింది తోక 201 పాయింట్లు, అంటే రెండింతలకు పైనే. పై తోక ఒక్క పాయింట్ కూడా లేదు. పాఠ్యపుస్తకంలో గీసినట్టే ఉంది. పతనం తర్వాత ఈ ఆకారం వస్తే దాని పేరు హ్యామర్, అంటే పెరుగుతుందన్న సూచన. ర్యాలీ తర్వాత ఇదే ఆకారం వస్తే పేరు హ్యాంగింగ్ మ్యాన్, అంటే పడుతుందన్న సూచన. ఆకారంలో వెంట్రుకవాసి తేడా లేదు. పేరు పెట్టేది ట్రెండ్ ఫిల్టర్.

ఆ ఇండికేటర్‌లో ట్రెండ్ దేన్ని బట్టి గుర్తించాలో ఎంచుకునే ఆప్షన్ ఉంటుంది. 50 రోజుల సగటు పెడితే, ధర దానికి పైన ఉన్నంతసేపూ అప్‌ట్రెండ్. 50, 200 రెండూ పెడితే, ధర 50 సగటుకు పైన ఉండాలి, 50 సగటు 200 సగటుకు పైన ఉండాలి. మూడోది, ట్రెండ్ చూడొద్దు అనే ఆప్షన్. నిఫ్టీ జూన్ 3న 50 రోజుల సగటుకు చాలా పైన ఉంది కాబట్టి మొదటి ఆప్షన్‌లో ఇది హ్యాంగింగ్ మ్యాన్. మూడో ఆప్షన్ పెట్టుకుంటే? ఆకారం వరకు చూస్తే ఇది హ్యామర్‌కూ సరిపోతుంది, హ్యాంగింగ్ మ్యాన్‌కూ సరిపోతుంది. కొనమన్న సూచన, అమ్మమన్న సూచన ఒకే క్యాండిల్ మీద! సెట్టింగ్స్ పేజీలో ఒక్క క్లిక్ తేడా ఇది.

మర్నాడు ఏం జరిగిందో తెలిసిందే. జూన్ 4న కౌంటింగ్. బీజేపీ సొంతంగా 240 దగ్గర ఆగింది. నిఫ్టీ 1,379 పాయింట్లు, దాదాపు 6 శాతం కుప్పకూలి 21,884 దగ్గర క్లోజైంది. హ్యాంగింగ్ మ్యాన్ ఎంత బాగా పనిచేసిందో చూడండి అంటూ స్క్రీన్‌షాట్లు పెట్టడానికి ఇంతకంటే మంచి చార్ట్ దొరకదు. కానీ ఆ పతనానికి కారణం క్యాండిల్ తోక కాదు, ఓట్ల లెక్కింపు. ఫలితాలు ఎగ్జిట్ పోల్స్ చెప్పినట్టే వచ్చి ఉంటే, అదే క్యాండిల్ తర్వాత మార్కెట్ ఇంకా పెరిగేది. అప్పుడు ఆ స్క్రీన్‌షాట్ ఎవరూ పెట్టరు.

కథ ఇక్కడితో అయిపోలేదు. జూన్ 5న నిఫ్టీ 22,128 దగ్గర ఓపెనై 22,620 దగ్గర క్లోజైంది. ముందురోజు పెద్ద ఎర్ర బాడీ లోపల ఈ ఆకుపచ్చ బాడీ పూర్తిగా ఇమిడిపోయింది. కంటితో చూస్తే బుల్లిష్ హరామీ. రెండు రోజుల్లో, అంటే జూన్ 7కల్లా నిఫ్టీ 23,290 దగ్గరకు వచ్చేసింది, ఎగ్జిట్ పోల్స్ నాటి క్లోజ్‌ను దాటేసింది. మరి ఇండికేటర్ ఈ హరామీని పట్టుకుందా? పైన చెప్పిన కోడ్ ప్రకారం పట్టుకోదు. అందులో రెండో క్యాండిల్ బాడీ ఒక్కటే కాదు, తోకలు కూడా మొదటి బాడీ లోపలే ఉండాలన్న షరతు ఉంది. జూన్ 5న నిఫ్టీ కాసేపు 21,791కి దిగింది, అది ముందురోజు క్లోజ్ కంటే కింద. పైగా 492 పాయింట్ల బాడీ 'చిన్నది' కిందకు రాదు. అంటే నిబంధన కఠినంగా ఉన్నచోట ఉపయోగపడే సంకేతం జల్లెడలో ఆగిపోయింది. వదులుగా ఉన్నచోట ఒకే క్యాండిల్‌కు రెండు పేర్లు వచ్చాయి.

ఫిల్టర్ పనికొస్తుంది, కానీ దేనికి?

దీన్నిబట్టి ఫిల్టర్లు దండగ అనుకోవడం పొరపాటు. ఫిల్టర్ చేసే మేలు ఒకటుంది. అనవసరమైన ట్రేడ్లను ఆపుతుంది.

మన మార్కెట్ ఉదయం 9:15 నుంచి మధ్యాహ్నం 3:30 దాకా, అంటే 375 నిమిషాలు. 5 నిమిషాల చార్ట్‌లో ఒక షేరుకు రోజుకు 75 క్యాండిళ్లు. నిఫ్టీ 50 షేర్లూ స్కాన్ చేస్తే 3,750. అందులో ప్యాటర్న్‌లన్నీ ఆన్ చేసి పెడితే చార్ట్ సంక్రాంతి ముగ్గులా తయారవుతుంది, ప్రతి మూల ఏదో ఒక గుర్తు.

ఇక ఖర్చు లెక్క చూద్దాం. 500 రూపాయల షేరు 200 ఇంట్రాడేలో కొని అమ్మితే టర్నోవర్ రెండు వైపులా లక్ష చొప్పున. ఆర్డర్‌కు బ్రోకరేజీ 20 అనుకుంటే 40 రూపాయలు. అమ్మకం మీద ఎస్‌టీటీ 0.025 శాతం, అంటే 25. ఎక్స్ఛేంజ్ చార్జీ, స్టాంప్ డ్యూటీ, జీఎస్టీ కలిపితే మొత్తం 80 రూపాయల చుట్టుపక్కల. షేరు 40 పైసలు పెరిగితేనే అసలు వస్తుంది. రోజుకు పది బాణాలు నమ్మితే 800, నెలలో 20 రోజులకు 16 వేలు. ఇది లాభనష్టాలతో సంబంధం లేని ఖర్చు. ఎఫ్ అండ్ ఓలో 2023-24లో ఒక్కో వ్యక్తి సగటున 26 వేల రూపాయలు కేవలం లావాదేవీల ఖర్చుల కిందే కట్టారని సెబీ 2024 సెప్టెంబర్ అధ్యయనం చెప్పింది.

అందుకే అన్నిటికంటే ముందు పెట్టుకోవాల్సింది సైజు ఫిల్టర్. 14 క్యాండిళ్ల ఏటీఆర్, అంటే సగటు కదలిక ఎంతో చూసి, ప్యాటర్న్ క్యాండిల్ దానికి తగ్గట్టు ఉంటేనే గుర్తు చూపించమనడం. 15 నిమిషాల చార్ట్‌లో సగటు కదలిక 3 రూపాయలున్న షేరులో, ఒక రూపాయి ఆకుపచ్చ బాడీ 80 పైసల ఎర్ర బాడీని మింగేస్తే అది కూడా నిబంధన ప్రకారం ఎన్‌గల్ఫింగే అవుతుంది. కానీ అది రోజంతా జరిగే మామూలు ఊగిసలాట. అలాంటిదాని మీద ట్రేడ్ వేస్తే ఖర్చులకే సరిపోతుంది.

వాల్యూమ్ ఫిల్టర్ షేర్లలో అర్థవంతమే. సగటు కంటే ఎక్కువ చేతులు మారిన క్యాండిల్‌కు విలువ ఎక్కువ. కానీ చాలామంది దీన్ని నిఫ్టీ, బ్యాంక్ నిఫ్టీ ఇండెక్స్ చార్ట్ మీద పెడుతున్నారు. ఇండెక్స్‌ను ఎవరూ నేరుగా కొనరు, అమ్మరు. అది ఒక లెక్క మాత్రమే. దానికి సొంత వాల్యూమ్ ఉండదు. వాల్యూమ్ చూడాలనుకుంటే ఫ్యూచర్స్ చార్ట్ చూడాలి. ఇంకో సంగతి, షేర్లలో కూడా మొదటి 15 నిమిషాలు, చివరి అరగంట వాల్యూమ్ మామూలుగానే ఎక్కువ. సగటుతో పోల్చే ఫిల్టర్ పెడితే ఆ రెండు వేళల్లోనే సిగ్నల్స్ గుమిగూడతాయి.

మన చార్ట్‌లకు ప్రత్యేకమైన తిరకాసులు

విదేశీ వీడియోలు చూసి సెట్టింగ్స్ యథాతథంగా దించేస్తే వచ్చే ఇబ్బందులు ఇవి. గంట చార్ట్ తీసుకోండి. 9:15కి మొదలయ్యే గంటల లెక్కలో చివరి క్యాండిల్ 3:15 నుంచి 3:30 దాకా, అంటే 15 నిమిషాలే. మిగతావి 60 నిమిషాలవి. ఆ చిన్న క్యాండిల్‌ను ఇండికేటర్ తోటి క్యాండిళ్లతో సమానంగా కొలుస్తుంది. రోజూ సాయంత్రం 'చిన్న బాడీ' ప్యాటర్న్‌లు అక్కడ కనిపిస్తున్నాయంటే ఆశ్చర్యం లేదు.

డైలీ చార్ట్‌లో ఇంకోటి. ఎన్‌ఎస్‌ఈలో చాలాకాలంగా ఉన్న పద్ధతిలో షేరు క్లోజింగ్ ధర అంటే చివరి ట్రేడ్ ధర కాదు, చివరి అరగంట ట్రేడ్ల సగటు. 5 నిమిషాల చార్ట్‌లో చివరి క్యాండిల్ ఒక ధర దగ్గర ముగిస్తే, డైలీ క్యాండిల్ ఇంకో ధర దగ్గర ముగుస్తుంది. బాడీ చిన్నగా ఉండే డోజీ లాంటివాటిలో ఈ కొద్ది తేడాకే పేరు మారిపోతుంది.

సర్క్యూట్‌లో లాక్ అయిన షేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. అదే 2024 ఫలితాల తర్వాత హెరిటేజ్ ఫుడ్స్ షేరు వరుసగా అప్పర్ సర్క్యూట్లు తాకడం తెలుగు మదుపరులకు బాగా గుర్తు. అమ్మేవాళ్లే లేని చోట ఓపెన్, హై, లో, క్లోజ్ దాదాపు ఒకటవుతాయి. అక్కడ క్యాండిల్ భాష పనిచేయదు. అలాగే హైకిన్ ఆషి చార్ట్ మీద ఈ ఇండికేటర్ పెట్టకూడదు. అందులో కనిపించేవి అసలు ధరలు కావు, సగటులు.

మార్నింగ్ స్టార్, ఈవినింగ్ స్టార్‌లకు పాత నిర్వచనంలో క్యాండిళ్ల మధ్య గ్యాప్ ఉండాలి. బాగా ట్రేడయ్యే షేరులో 5 నిమిషాల క్యాండిళ్ల మధ్య గ్యాప్ చాలా అరుదు. మన దగ్గర గ్యాప్ అంటే రాత్రి గడిచాక ఉదయం వచ్చేదే. అందుకని ఇంట్రాడేలో ఆ షరతు ఉంచితే సిగ్నల్ రాదు, తీసేస్తే కుప్పలుగా వస్తాయి. ఇవి డైలీ చార్ట్‌లో చూసుకోవాల్సినవి.

బాణం వచ్చి మాయమవుతోందా?

ఎక్కువమందిని ముంచేది మాత్రం ఇదే. 10:15 క్యాండిల్ ఇంకా నడుస్తుండగా 10:18కి హ్యామర్ బాణం కనిపిస్తుంది. కొంటారు. 10:20కి క్యాండిల్ ముగిసేసరికి బాణం ఉండదు. ధర కిందికి జారి ఆకారం మారిపోయింది. తర్వాత చార్ట్ వెనక్కి తిప్పి చూస్తే అక్కడ ఏ గుర్తూ ఉండదు, ఇండికేటర్ ఎప్పుడూ తప్పు చెప్పనట్టే కనిపిస్తుంది. గతాన్ని చూసి 80 శాతం సక్సెస్ అని చెప్పేవాళ్ల లెక్కలో ఇలాంటి ట్రేడ్లు ఉండవు.

దీనికి మందు సులభం. అలర్ట్ పెట్టేటప్పుడు 'వన్స్ పర్ బార్ క్లోజ్' ఎంచుకోవాలి. క్యాండిల్ ముగిశాకే సమాచారం వస్తుంది. కాస్త ఆలస్యం, ఒక్కోసారి మంచి ధర తప్పిపోతుంది. అయినా ముగియని క్యాండిల్‌కు పేరు పెట్టడం కంటే నయం.

సెట్టింగ్ ఎప్పుడు మార్చామన్నదే ప్రశ్న

ఇండికేటర్‌లో 10 ప్యాటర్న్‌లు, 3 ట్రెండ్ ఆప్షన్లు, 4 టైమ్‌ఫ్రేమ్‌లు, వాల్యూమ్‌కు 5 స్థాయిలు ఉన్నాయనుకుందాం. కలిపితే 600 రకాల సెట్టింగ్స్. అన్నీ ఉత్త కాకతాళీయమే అనుకున్నా, నూటికి ఐదు అదృష్టవశాత్తూ బాగున్నట్టు కనిపిస్తే, 30 సెట్టింగ్స్ అద్భుతంగా పనిచేసినట్టు తేలుతుంది. వాటిలో ఒకటి తీసి 'సీక్రెట్ సెట్టింగ్' అని అమ్మడం ఎంత తేలికో ఊహించుకోవచ్చు.

నష్టం వచ్చిన ప్రతిసారీ ఒక ఫిల్టర్ కలపడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఆ ఫిల్టర్ నిన్నటి నష్టాన్ని తప్పకుండా తప్పిస్తుంది, ఎందుకంటే అది నిన్నటి చార్ట్ చూసి పెట్టింది. రేపటికి దానికీ సంబంధం లేదు. కనీసం చేయాల్సింది, ఒక రెండేళ్ల డేటా చూసి సెట్టింగ్ ఖరారు చేశాక, ముందు చూడని మరో ఏడాది డేటా మీద ముట్టుకోకుండా పరీక్షించడం. ఖర్చులు తీసేశాక ఏమైనా మిగులుతోందా అని చూడటం. అమెరికాలో డౌ జోన్స్ షేర్ల పదేళ్ల డేటా మీద ముగ్గురు పరిశోధకులు ఈ ప్యాటర్న్‌లను పరీక్షించి 2006లో ప్రచురించారు. వాటిని నమ్ముకుంటే లాభం వస్తుందనడానికి ఆధారం దొరకలేదని తేల్చారు.

ఎదుటివైపు ఎవరున్నారన్నదీ మర్చిపోకూడదు. 2023-24లో ఎఫ్ అండ్ ఓలో విదేశీ ఇన్వెస్టర్ల లాభాల్లో 97 శాతం, ప్రొప్రైటరీ ట్రేడర్ల లాభాల్లో 96 శాతం అల్గోల నుంచే వచ్చాయని సెబీ చెప్పింది. మనుషులకు 5 నిమిషాల క్యాండిల్ కనిపించేలోపు ఆ యంత్రాలు పని ముగించేస్తాయి. ఇటువైపు ట్రేడ్ చేసేవాళ్లలో 72 శాతం మంది మొదటి 30 నగరాల బయటివాళ్లు. నాలుగింట మూడొంతుల మంది ఏడాది ఆదాయం 5 లక్షలలోపే.

సెబీ కొంతవరకు కళ్లెం వేసింది. శిక్షణ పేరుతో పాఠాలు చెప్పేవాళ్లు గత మూడు నెలల ధరలను చూపించి చెప్పకూడదని 2025 జనవరిలో స్పష్టం చేసింది. అంటే లైవ్ చార్ట్ తెరిచి, ఇదిగో హ్యామర్ వచ్చింది, ఇక్కడ కొనండి అనేది పాఠం కాదు, సలహా. దానికి రిజిస్ట్రేషన్ కావాలి. ఆ తర్వాత ఫిబ్రవరి 4న రిటైల్ అల్గోల మీద సర్క్యులర్ ఇచ్చింది. ఇండికేటర్ అలర్ట్ ఫోన్‌కు వచ్చి, ట్రేడర్ చేత్తో ఆర్డర్ వేస్తే అది అల్గో కాదు. అదే అలర్ట్ నేరుగా బ్రోకర్‌కు వెళ్లి ఆర్డర్‌గా మారేలా కలిపితే అల్గో నిబంధనలు వర్తిస్తాయి. లోపలి లాజిక్ బయటపెట్టని బ్లాక్ బాక్స్ అల్గో ఇచ్చేవాళ్లు రీసెర్చ్ అనలిస్ట్‌గా నమోదు చేసుకోవాలి, ప్రతి అల్గోకూ రీసెర్చ్ రిపోర్ట్ ఉంచాలి. కాబట్టి టెలిగ్రామ్‌లో ఎవరైనా లోపల ఏముందో చెప్పకుండా ఆటోమేటిక్‌గా ఆర్డర్లు వేసే ఇండికేటర్ అమ్ముతుంటే, ముందుగా అడగాల్సింది సక్సెస్ రేటు కాదు. సెబీ రిజిస్ట్రేషన్ నంబర్. ఆ నంబర్ నిజమో కాదో సెబీ వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు.